సీలు వేసిన ఇంజను, ఇరుక్కున్న మోకాళ్ళు

ఆ రోజుల్లో నాకు కారు నడపడం వచ్చుననే నమ్మకం ఒకటి బలంగా ఉండేది. వయసుతో పాటు జుట్టు పోయినట్టే కొన్ని నమ్మకాలూ మెల్లగా పోతాయంటారు. నాది మాత్రం అలా మర్యాదగా పోలేదు. ఒక్క మధ్యాహ్నంలో, వర్షంలో, అందరూ చూస్తుండగా పోయింది.

తొండియార్‌పేటలో మా మామకు లారీ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆయన కూతురు, అంటే నా మరదలు, నా భుజం దాకా కూడా రాదు. నాకూ ఆమెకూ రేసుల పిచ్చి. ఒక మనిషి మాత్రమే పట్టే పాత రేసు కారు ఒకటి సంపాదించి, ఇద్దరం పంచుకునేవాళ్ళం. నిబంధనల ప్రకారం అలా పంచుకోవచ్చు, కానీ వేర్వేరు రేసుల్లోనే. పొద్దున కొత్తవాళ్ళ రేసు ఆమెది, మధ్యాహ్నం సీనియర్ల రేసు నాది (సీనియర్ అంటే అంతకు ముందు ఏడాది కొత్తవాళ్ళలో ఆఖరున వచ్చినవాడని అర్థం). ఆమె కూర్చున్నప్పుడు వీపు వెనక దళసరి స్పాంజి, కాళ్ళకు అందేలా పెడళ్ళ మీద చెక్కముక్కలు బిగించేవాళ్ళం. నా వంతు రాగానే అవన్నీ తీసేయాలి. ఆ పని మామది.

ఇంకో నిబంధన ఇంజను గురించి. అందరి కార్లకూ ఒకే కంపెనీ ఇంజన్లు ఇచ్చి, తీగ కట్టి సీలు వేస్తుంది. అది విప్పే హక్కు ఆ కంపెనీ మనిషికే ఉంది. ఇంకెవరు ముట్టుకున్నా కారు పోటీలోంచి బయటికే. జన్మంతా ఇంజన్లు విప్పిన మామకు ఇది మింగుడుపడలేదు. "ఇంట్లో అన్నం ఉడకతా ఉంటే మూత తీసి చూడకూడదంటే ఎట్టరా?" అని నన్ను నిలదీసేవాడు, ఆ నిబంధన నేనే రాసినట్టు. రేసు రోజున చేతిలో స్పానరు పట్టుకుని ఇంజను చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు.

ఆ రోజు పొద్దుటి నుంచీ వర్షం. ఊరి బయట రేసు ట్రాకులో అందరం రేకుల కింద తలదాచుకున్నాం. మధ్యాహ్నానికి వాన కాస్త తగ్గాక, ఇక వేళ చాలదని రెండు రేసులనూ కలిపి ఒక్కటిగా నడుపుతామని ప్రకటించారు. కారు ఒకటి, డ్రైవర్లం ఇద్దరం, రేసు ఒకటి. పెద్ద అధికారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన ఓపిగ్గా నిబంధనల పుస్తకం తిరగేసి, అలాంటప్పుడు దరఖాస్తులో ఎవరి పేరు ముందుంటే వాళ్ళే నడపాలన్నాడు. పెద్దవాణ్ణని ముందు నా పేరే రాశాం. నాకన్నా మరదలు వేగంగా నడుపుతుందని ట్రాకులో టీ అమ్మే ఆయనకు కూడా తెలుసు. అయినా ఆమె హెల్మెట్ తీసి పక్కన పెట్టి, "సరి బావా, నువ్వే పో. కారు జాగ్రత్త" అంది. నేను పెద్దమనిషి తరహాలో తల ఊపాను.

హడావిడిలో మామ స్పాంజి తీశాడు గానీ చెక్కముక్కల సంగతి మరిచిపోయాడు. కళ్ళు ఇంజను మీదే ఉన్నాయి పాపం. రేసు మొదలయ్యే గీత వైపు కారు కదిలాక గానీ నాకు తెలియలేదు. పెడళ్ళు దగ్గరికి రావడంతో నా మోకాళ్ళు పైకి లేచి స్టీరింగుకు అటొకటి ఇటొకటి ఆనుకున్నాయి. తిన్నగా పోతే ఏ ఇబ్బందీ లేదు. తిప్పడమే కుదరదు. ఆగి చెప్పుకోవచ్చు, కానీ అన్ని కార్ల మధ్య ఆగి మోకాళ్ళ గురించి ఏమని చెప్పుకోను? జెండా ఊపారు. మొదటి మలుపు రానే వచ్చింది. మిగతా కార్లన్నీ కుడివైపు తిరిగాయి. నేను తిన్నగా బురదలోకి వెళ్ళి, అక్కడ గౌరవంగా ఆగాను.

కారును తాళ్ళతో లాక్కొచ్చారు. ఏమైందని అధికారి అడిగితే, నేను నోరు విప్పేలోపే మామ ముందుకొచ్చి, "ఇంజనే సార్. సౌండు విన్నా గదా, లోపల ఏందో ఉండాది" అన్నాడు. ఆ గొంతులో బాధ కన్నా ఆశే ఎక్కువ. తప్పుడు ఫిర్యాదని తేలితే వచ్చే రేసుకు ఈ కారును రానిచ్చేది లేదని అధికారి హెచ్చరించాడు. మామ వినిపించుకోలేదు. కంపెనీ కుర్రాడు వచ్చి సీలు తెంపి మూత తీశాడు. మామ లోపలికి వంగి, గర్భగుడి తలుపులు తీసినప్పటిలా చాలాసేపు చూశాడు. "బంగారం మాదిరి ఉండాదే" అన్నాడు చివరికి, తన్మయంగా. అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు.

మరదలి ముఖం వాడిపోయింది. "అట్టయితే వచ్చే రేసు నాకు లేదా నాయనా?" అంది మెల్లగా. మామ స్పానరు వైపు చూశాడు, నేల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఆయన పొరబడినాడు సార్," అన్నాను నేను. "ఇంజను బాగానే ఉండాది. నేనే కారులో పట్టలా."

అధికారి నమ్మలేదు. చూపించమన్నాడు. చెక్కముక్కలు ఇంకా పెడళ్ళ మీదే ఉన్న ఆ కారులోకి, అంత జనం మధ్య మళ్ళీ దిగాను. దిగడం సులువుగానే అయింది. ఈసారి బయటికి రావడానికే నలుగురు చంకల కింద చేతులు వేసి లాగాల్సి వచ్చింది (పళ్ళ నొప్పికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు కూడా నేను అంత మూలగలేదు). అధికారి పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. కంపెనీ కుర్రాడు మాత్రం నవ్వకుండా రిపోర్టు రాశాడు: ఇంజనులో లోపం లేదు, డ్రైవరు కారుకు సరిపోడు.

ఫిర్యాదు పొరపాటే తప్ప మోసం కాదని తేల్చి, వచ్చే రేసుకు అనుమతి ఇచ్చారు, ఒక షరతు మీద. ఆ కారుకు ఇకపై ఒక్క పేరే ఉండాలి. అధికారి పెన్ను నా చేతికిచ్చాడు. నేను నా పేరు కొట్టేశాను. తిరిగి వచ్చేటప్పుడు మరదలు వ్యానులో ముందు సీటు నాకిచ్చి, అది వెనక్కి ఎంత జరుగుతుందో అంత జరిపింది.

తర్వాతి రేసులో ఆమె మూడో స్థానంలో వచ్చింది. గోడ దగ్గర నిలబడి అరిచి అరిచి నా గొంతు పోయింది. పక్కనున్న ఒకాయన ఆ కారు ఎవరిదని అడిగాడు. "మా మరదలిది" అన్నాను. అన్నప్పుడు, అప్పటి నేనైన ఆ పొడుగు కుర్రాడికి గుండెలో ఎక్కడో చిన్నగా కలుక్కుమన్న సంగతి, మరుక్షణమే ఎందుకో ఛాతీ పొంగిన సంగతి నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మైలాపూరు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన సాయంత్రాల్లో వాడు గుర్తొస్తే, ఒక్కణ్ణే నవ్వుకుంటాను.