అన్నిటికీ తలూపిన తాత

మా అవ్వ నన్ను చిన్నప్పుడు 'ఎందుకుల పుట్ట' అనేది. మా బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. ఆయన షిఫ్టు దిగి వచ్చి అన్నం ముందు కూర్చోగానే, బావిలోపల అంత చీకట్లో దూరంగా ఉన్న మనిషికి మాట ఎట్లా చేరేస్తారని ప్రాణం తీసేదాన్ని. ఆయన విసుక్కోకుండా, నెత్తిమీద టోపీ దీపం ఉన్నట్టే తలను అటూ ఇటూ అడ్డంగా తిప్పి, "గిట్లంటే ఆగుమన్నట్టు బిడ్డా" అని చూపించేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నర్సింగ్ చదివి కరీంనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో చేరినా నా గెలుకుడు బుద్ధి నాతోనే వచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లేసరికి, మగవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం మీద ఒక తాత ఉన్నాడు. సిరిసిల్ల నేతకార్మికుడు. పొద్దున నడుముకు మత్తిచ్చి హెర్నియా ఆపరేషన్ చేశారు. ఇంటికి పోబోతున్న సిస్టర్ నాకు వార్డు అప్పగిస్తూ, "బంగారమసొంటి మనిషి. ఏమడిగినా మంచిగనే ఉన్నదంటడు. ఒంటికి గూడ పోయిండట" అంది. ఇటువైపు మూత్రానికి పోవడాన్ని అట్లాగే అంటాం.

నేనూ మాస్కు సర్దుకుని వెళ్లి అడిగాను.

"తాతా, నొప్పి ఓర్సుకుంటున్నవా?"

తలూపాడు.

"ఒంటికి పోయినవా?"

తలూపాడు. పైగా నవ్వాడు. ముందు పళ్లు లేని ఆ నవ్వు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నేను కూడా సంతోషంగా పక్క మంచం దగ్గరికి వెళ్లాను.

సాయంత్రానికి ఆ బంగారంలాంటి మనిషి మారిపోయాడు. దుప్పటి తన్నేస్తున్నాడు. సెలైన్ గొట్టం పీక్కోబోయాడు. మంచం దిగుతానని కాళ్లు కిందికి వేస్తుంటే తోడుగా వచ్చిన అల్లుడు గట్టిగా పట్టుకున్నాడు. తాత నుదురంతా చెమట. షుగర్ చూశాను, బాగానే ఉంది. ఆక్సిజన్ బాగానే ఉంది. కట్టు మీద రక్తం మరక లేదు. బీపీ మాత్రం పెరిగింది.

"మతి దప్పిందా సిస్టర్? హైదరాబాద్ తీస్కపోవాల్నా?" అని అల్లుడు అడిగాడు. "మా అత్తమ్మ కిందనే కూసున్నది. ఆమెకేం జెప్పాలె?"

డాక్టరు సారు థియేటర్లో ఇంకో ఆపరేషన్ మీద ఉన్నారు. కబురు పంపితే, పెద్దవయసు వాళ్లకు ఆపరేషన్ తరువాత ఒక్కోసారి ఇట్లా తికమక అవుతుందని, పడిపోకుండా చూడమని, ఎంతకీ ఆగకపోతే నిద్ర ఇంజెక్షన్ ఇవ్వమని, ఇది అయిపోగానే తానే వస్తానని చెప్పించారు. మందు తీసి ట్రేలో పెట్టుకున్నాను.

పెట్టుకున్నానే గానీ, ఒకటి లోపల గీకుతూనే ఉంది. మతి తప్పిన మనిషి అయితే నేనడిగినప్పుడల్లా అంత బుద్ధిగా ఎట్లా తలూపుతున్నాడు? దగ్గరగా వంగి మళ్లీ అడిగాను.

"నొప్పున్నదా తాతా?"

ఊపాడు.

"నొప్పి లేదా?"

దానికీ ఊపాడు. నాకు చిన్నప్పటి పురుగు కుట్టింది.

"తాతా, మంచం కింద ఏనుగున్నదా?"

గంగిరెద్దులాగా తలూపాడు. అల్లుడు నావైపు చూసిన చూపులో, మతి తప్పింది మామకా ఈమెకా అన్న అనుమానం స్పష్టంగా కనిపించింది. నాకు నవ్వు రాలేదు. ఏనుగుకు ఊపిన తలే, ఒంటికి పోయానని కూడా ఊపింది. మరి ఆ మాటను ఎట్లా నమ్మడం? పైన చూస్తే పొద్దున్నుంచి ఎక్కించిన సెలైన్ సీసాలు ఖాళీగా వేలాడుతున్నాయి. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోయినట్టు?

"మామకు ఒంటికి డబ్బా నువ్వే పెట్టినవా?" అని అల్లుణ్ని అడిగాను.

"నేను పెట్టలే. మీరే పెట్టిండ్రనుకున్న."

దుప్పటి తీసి, కట్టుకు తగలకుండా బొడ్డు కింద చేయి పెట్టాను. నిండిన కుండలాగా గట్టిగా, గుండ్రంగా చేతికి తగిలింది. కొద్దిగా నొక్కానో లేదో, తాత నా మణికట్టు పట్టుకుని కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. నడుము మత్తుకు కొందరికి మూత్రం బిగుసుకుపోతుందని చదువుకున్నదే. ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చి ఉంటే, ఆ బాధ చెప్పుకోవడానికి మిగిలిన కాళ్లూ చేతులూ కూడా ఊరుకునేవి. మందు పక్కన పెట్టి సారుకు మళ్లీ కబురు చేశాను.

ఈలోపు మేం మామూలుగా చేసేవన్నీ చేశాను. తెర లాగాను. వేడినీళ్లలో ముంచిన గుడ్డ తొడల మీద వేశాను. నీళ్ల చప్పుడు వింటే కొందరికి మూత్రం వస్తుందని పక్కనున్న నల్లా తిప్పాను. అది ధారగా పోతూనే ఉంది, తాత అటువైపు తల కూడా తిప్పలేదు. అంతలో కింద కూర్చున్న ముసలమ్మ ఉండబట్టలేక పైకి వచ్చింది. తెర సందులోంచి మొగుణ్ని చూసి, చప్పుడు లేకుండా పెదవులు కదిలించి, చేత్తో ఏదో అడిగింది. తాత తలను అటూ ఇటూ అడ్డంగా తిప్పాడు. నా ముందు ఆ తల అడ్డంగా తిరగడం అదే మొదటిసారి. మా బాపు టోపీ దీపం గుర్తొచ్చింది.

"పొద్దటిసంది ఒంటికి రాలేదంటుండు బిడ్డా" అంది ముసలమ్మ.

"నేనడిగితే పోయిన్నని తలకాయ ఊపిండు గదా అవ్వా?"

"ఆయనకు యాడ ఇనొస్తది? సాంచాల కాడ జేసి జేసి చెవులు వోయినయి. మేం పెదవులు జూస్కుంట మాట్లాడుకుంటం. మీకేమో మూతికి గుడ్డలాయె."

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు, వాటి మోతకు చెవులు పోవడం మామూలే. చెవిటి మనిషికి నల్లా చప్పుడు వినిపిస్తున్న నా తెలివికి నేనే సిగ్గుపడి, నల్లా కట్టేసి వచ్చాను.

సారు వచ్చారు, పొట్ట తడిమి చూసి పైపు వేయమన్నారు. సంచీ నిండుతున్నకొద్దీ తాత ముఖం విప్పారింది. బీపీ దిగింది. ఆ ఇంజెక్షన్ లేకుండానే గురకపెట్టి నిద్రపోయాడు. అప్పుడు ముసలమ్మను తీరుబడిగా అడిగాను, "ఇనొస్తలేదని చెప్పొచ్చు గద అవ్వా?"

"సాంచ కాడ 'ఏందీ' అని మల్ల అడిగితే సేటు గరమయ్యేటోడు. తెల్వకున్నా తలకాయ ఊపుడు గట్ల అలవాటైంది. అల్లుని ముంగట గూడ గట్లనే ఊపుతడు, ఆయనకు గూడ తెల్వది. మీరు గూడ కోప్పడుతరని భయపడ్డడు పాపం."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగడానికే భయపడిన మనిషికి ఎవరు పెడతారు? మరునాడు పొద్దుటి సిస్టర్‌కు ఏనుగు సంగతి చెబితే కడుపు పట్టుకుని నవ్వింది, తరువాత తాత కేసు షీటు తీసి 'చెవులు వినపడవు' అని పెద్దగా రాసింది. అప్పటి నుంచి మా వార్డులో అన్నిటికీ తలూపే మనిషి ఎవరొచ్చినా ఒక ఏనుగు ప్రశ్న పడుతుంది.

ఇంటికి పంపే రోజు తాతకు ఎదురుగా, కొంచెం ఎడంగా నిలబడ్డాను. మాస్కు కిందికి లాగి, మందులు ఎట్లా వేసుకోవాలో నింపాదిగా చెప్పాను. ఆయన నా పెదవులనే చూస్తున్నాడు. చెప్పడం అయిపోగానే అలవాటుగా తల కదిలింది, మధ్యలో ఆగింది. ముసలమ్మ వైపు ఒకసారి చూసి, బెరుకుగా నావైపు తిరిగాడు.

"ఏమంటివి బిడ్డా? మల్లొక్కసారి జెప్పు."

మొదటి నుంచి మళ్లీ చెప్పాను.