చిన్నాయన గడ్డం గీసే రోజు

మా ముత్తాత నిజాం సర్కారులో దేశ్‌ముఖ్. మా తాత పది ఊళ్లకు పటేల్. నిజాంసాగర్ కాలువలు తవ్వేటప్పుడు కొలతలకు వచ్చిన ఇంజనీర్లు కోటలాంటి మా గడీలోనే దిగారు, మా ఇంట్లోనే తిన్నారు. మా నాయన కాలానికి ఊళ్లూ పోయాయి, పెత్తనమూ పోయింది. బాన్సువాడలో గడీ, ఆయన మూతి మీద మీసం మిగిలాయి. ఆ రెండింటికీ ఆయన ఏ లోటూ రానివ్వలేదు.

గడీ వెనక గదిలో నాయన తమ్ముడు, మా చిన్నాయన, ఉండేవాడు. కాలేజీ చదువు మధ్యలోనే ఆయనకు మనసు జబ్బు చేసింది. మాకు కనిపించని వాళ్లతో మాట్లాడేవాడు. తొంభైల నడుమ నాకు ఇంటర్ లెక్కలు చెప్పింది ఆయనే. మధ్యమధ్య ఆ కనిపించనివాళ్లను సలహా అడిగేవాడు. జవాబు మాత్రం సరిగ్గా వచ్చేది.

గొడవంతా గడ్డం గీసే రోజునే. మా ఇంటి మగవాళ్లు బజారులో గడ్డం గీయించుకోరు. మంగలాయనే పెట్టె పట్టుకొని గడీకి రావాలి. ఆ పెట్టె చూడగానే చిన్నాయన గోడకు ఆనుకునేవాడు. నలుగురు జీతగాళ్లు కాళ్లూ చేతులూ తలా అదిమి పట్టేవారు. ఆయన తన్నేవాడు, కరిచేవాడు, చెంబు విసిరేవాడు. ‘పిచ్చిదొర కొడ్తడట’ అని ఊరంతా పేరు.

ఒకసారి చిన్నాయన మంగలాయన మణికట్టు కరిచాడు.

“ఇగ నాతోని కాదు దొరా. బజార్ల షాపు వెట్టిన, తిరిగే కుర్చీ తెచ్చిన. గడ్డం కావాల్నంటే ఆడికే రాండ్రి” అని ఆయన పెట్టె సర్దుకున్నాడు.

నాయనకు కరిచిన సంగతి కన్నా కుర్చీ సంగతే ఎక్కువ గుచ్చుకుంది. తమ్ముణ్ని హైదరాబాద్ పిచ్చి దవాఖానలో చేర్చి వదిలేసి రావాలని ఆ సాయంత్రమే తేల్చేశాడు.

“ఆడ వాన్ని ఎవలు సూస్తరు బిడ్డా?” అంది నాయనమ్మ.

“ఎవలనన్న సంపితె నువ్వు జవాబిస్తవా?”

 కిరాయి జీపు వచ్చి వాకిట్లో ఆగాక నాయనమ్మ అంది: “గీ గడ్డంతోని పట్నం తీస్కపోతవా? దేశ్‌ముఖ్ మనుమడంటె ఎవలన్న నమ్ముతరా?”

ఎక్కడ నొక్కాలో ఆమెకు తెలుసు. ఆమె కూడా ఎక్కింది; జీపు మంగలాయన షాపు ముందు ఆగింది. ఆ గడప తొక్కడం కన్నా ఎండలో ఉడకడమే మేలని నాయన జీపులోనే కూర్చున్నాడు. చిన్నాయనతో నేను దిగాను.

లోపల బల్ల మీద కూర్చున్న రైతు ఒకాయన, బిచ్కుంద నుంచి వచ్చినవాడు, కాస్త జరిగి, “కూసో కాకా. నా తర్వాత నీ నంబరు” అన్నాడు.

మా వంశంలో ఎవరినీ ఎవరూ ఆగమనలేదు. నాకు ఒళ్లు మండింది. చిన్నాయన మాత్రం బల్ల మీద బుద్ధిగా కూర్చున్నాడు. వంతు రాగానే తనే వెళ్లి కుర్చీ ఎక్కి, ఒక చుట్టు తిరిగాడు. మంగలాయన చేతికి కట్టుతో, దూరం నుంచే అడిగాడు: “మీసం ఉంచాల్నా, తియ్యాల్నా?”

అది ఆయన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. చిన్నాయన అద్దంలో చూస్తూ మీసం తడుముకున్నాడు.

“తియ్యి. మా అన్నకున్నది ఇద్దరికి సాలు.”

షాపంతా నవ్వింది. కత్తి మెడ మీద నడుస్తుంటే చిన్నాయన కళ్లు మూసుకున్నాడు, చేతులు ఒళ్లో పెట్టుకొని.

అది జీపులోంచి నాయనమ్మ చూసింది, నాయనా చూశాడు. “హైదరాబాద్ యాడికి పోతది? ముందుగాల నిజామాబాద్ల డాక్టర్‌కు సూపియ్యి” అంది ఆమె. జీపు అటు తిరిగింది.

“ఎప్పుడు కొడతాడు?” అని డాక్టర్ అడిగాడు.

“ఊకెనె కొడ్తడు సార్, జబ్బు గదా” అన్నాడు నాయన.

“నలుగురు వట్టుకొని మెడ మీద కత్తి వెడితె మీరు ఊకుంటరా సార్?” అన్నాడు చిన్నాయన.

డాక్టర్ నాయన వైపు చూశాడు. మందులు రాసి, అవి ఆపొద్దని, ఇక ఆయన్ను అదిమి పట్టుకోవద్దని, నలుగురిలో తిరగనివ్వమని చెప్పాడు.

జబ్బు పోలేదు. కనిపించనివాళ్లూ పోలేదు, కాస్త తక్కువ మాట్లాడేవారు. చిన్నాయన రోజూ షాపుకు వెళ్లి అందరికీ పేపరు చదివి వినిపించేవాడు. తర్వాత ఆయన ఎవరినైనా కొట్టింది ఒక్కసారే, ‘పిచ్చిదొర’ అన్నవాడి మీద చెప్పు విసిరాడు. న్యాయంగానే విసిరాడని నా అభిప్రాయం.

తమ్ముడు రోజూ బజారుకు నడిచిపోవడం నాయన ఓర్చుకోలేకపోయాడు. ఆపడానికి నాయనమ్మ ఒప్పుకోలేదు. చివరికి, మనం బజారుకు పోవడం కాదు, బజారే మన దగ్గరికి రావాలి అన్నాడు నాయన. రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలం, గడీ ముందరి వాకిలిని ప్రహరీతో సహా దుకాణాల జాగాలుగా అమ్మేశాం. మూల జాగా మంగలాయన కొన్నాడు.