ముల్లు పడిపోయిన వైపు

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద, కార్లు పెట్టే చోట ఫోన్‌కు సిగ్నల్ అందదు. నిన్న అక్కడ సిగ్నల్ కోసం, వేడెక్కిన ఫోన్‌ను గుండెకు ఆనించుకుని, నిలబడ్డచోటే మెల్లగా ఒక చుట్టు తిరిగాను. "అమ్మా, ఈ ప్రదక్షిణలేంటి?" అని మా అమ్మాయి ఒకటే నవ్వు. అలా తిరగడం నాకు నేర్పింది వసుంధర మేడమ్.

తొంభైల చివర్లో అనంతపురం నుంచి వచ్చిన నాకు మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే. మాదాపూర్ బండరాళ్ల మధ్య అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. ఒక సెల్‌ఫోన్ ఎక్కడుందో దాని సిగ్నల్ బలాన్ని బట్టి కనిపెట్టడం మా పని. సెల్‌ఫోన్ కొనేవాళ్లే కరువైతే, పోయినదాన్ని వెతికేదెవరని ఆఫీసులో మమ్మల్ని ఆటపట్టించేవారు. నాకు ఒళ్లు మండేది. మేడమ్ బాలానగర్ మనిషి, ఏదీ పట్టించుకునేవారు కాదు. మొదటిరోజే సిగ్నల్ కొలిచే మీటరును నా గుండెకు ఆనించి, భుజాలు పట్టుకుని తిప్పారు. "ముల్లు ఎక్కడ పడిపోతే గక్కడ ఆగు. నీ ఒళ్లే అడ్డమొచ్చిందన్నట్టు. ఫోన్ నీ ఎనకనే ఉంటది" అన్నారు.

ఒక సాయంత్రం పెద్దసార్లు మాకు పరీక్ష పెట్టారు. ఎక్కడో ఒక ఫోన్ దాచామని, దాన్ని తమ కళ్లముందే పట్టుకోవాలని, లేకపోతే మా విభాగం మూసేస్తామని అన్నారు. మేడమ్ ఈ పని మీద ఇష్టంతో ప్రభుత్వ ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. ఒక అద్దాల భవనం వైపు తిరిగితేనే ముల్లు గట్టిగా లేస్తోంది. నేను పరుగులాంటి నడకతో దాని ముందుదాకా వెళ్లిపోయాను. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏంది పిల్లా, గట్ల ఉరుకుతవ్? ఇంత దగ్గరికొచ్చినా ముల్లు పెరుగుతలేదు, చూసినవా? సిగ్నల్ అద్దానికి తగిలి మళ్లొస్తున్నది. గట్టిగ వచ్చినంత మాత్రాన గక్కడ ఉన్నట్టు కాదు. ఎనకకు పోదాం పా."

"సార్లు చూస్తున్నారు మేడమ్."

"చూడనీ."

రాళ్లలోకి నడిచాం. కాసేపు ముల్లు ఇంకా పడిపోయింది. సార్లకు ఓపిక అయిపోయినట్టుంది, కార్లెక్కారు. ముల్లు మళ్లీ లేచి, ఒక పెద్ద బండ చాటున ఫోన్ దొరికేసరికి మిగిలింది మేమిద్దరమే. మేడమ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "హలో, దొరికినవా!" అని చిన్నపిల్లలా నవ్వారు. ఆ తర్వాత ఖాళీ రోడ్డు వైపు చాలాసేపు చూశారు.

మర్నాడు మేం చెప్పింది ఎవరూ చెవిన వేసుకోలేదు. విభాగం మూసేశారు. "ఇగ ఫికర్ చెయ్యకు, ఫోన్ చేస్త" అని ఆమె వెళ్లిపోయారు. కొన్నాళ్లు చేశారు కూడా. తర్వాత ఆ పిలుపు ఆగిపోయింది. బాలానగర్‌లో ఆమె ఉన్న ఇంటికి వెళితే అక్కడ కొత్త షెడ్డు లేచి ఉంది. చుట్టుపక్కల ఎవరికీ ఆమె సంగతి తెలియదు.

ఇప్పటికీ మాదాపూర్ వైపు వెళితే ఆ అద్దాల భవనం ముందు ఆగుతాను. ఆమె అన్నిచోట్లకన్నా గట్టిగా గుర్తొచ్చేది అక్కడే. అంతమాత్రాన అక్కడ ఉన్నట్టు కాదని ఆమే నేర్పారు. అందుకే ప్రతిసారీ ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాను.