కోదాడలో నేను చూడని ఎండ

ఎండాకాలం వస్తుందంటే నాకు భయం. వడదెబ్బ భయం కాదు, యాదగిరన్న మాట మళ్లీ వినబడుతుందని. ఏళ్లుగా మోస్తున్న ఈ బరువు గురించి ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఉద్యోగం కొత్తలో కోదాడలో రోజూ ఉష్ణోగ్రత చూసి రాయడం నా పని. థర్మామీటరు ఉన్న తెల్ల పెట్టె ఊరి బయట ఉండేది. ఒక వేసవంతా నేను అక్కడికి పోనేలేదు. సూర్యాపేటకు ఫోన్ చేసి, వాళ్ల అంకెనే కాస్త అటూ ఇటూ మార్చి రాసేవాణ్ణి. దీనివల్ల ఎవరికి నష్టం అనుకున్నాను. బద్ధకానికి అంతకన్నా వేరే సాకు కావాలా?

తర్వాత నన్ను ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. పాత లెక్కల్లో తేడాలు పట్టి సరిచేసే సాఫ్ట్‌వేర్ అది. ఒక ఊరి ఎండను ఇరుగుపొరుగు ఊళ్లతో పోల్చి, పొంతన కుదరనిదాన్ని తప్పంటుంది. ఆ వేసవికి సూర్యాపేట, కోదాడ ఒక్కమాట మీద ఉన్నాయి. మిర్యాలగూడ ఒక్కటే ఎక్కువ చూపింది. నా అంకెలు దొంగవని తెలిసీ ఊరుకున్నాను. సాఫ్ట్‌వేర్ మిర్యాలగూడ అంకెను తగ్గించింది. అక్కడ రాసినవాడు యాదగిరన్న. ఇంట్లో కూర్చుని రాశాడని పెద్దసారు ఆయన్ను పనిలోంచి తీసేశాడు.

ఆయన నా దగ్గరికే వచ్చాడు.

"తమ్మీ, నేను రోజూ పోయి సూసిన. కోదాడల నువ్వు గూడ సూసినవ్ గద. గాడ గంత ఎండ కొట్టలేదా? జర సార్‌కు చెప్పరాదు."

"సూసిన అన్నా. గాడ గంత లేకుండె."

"ఇద్దరు ఒక్కమాటంటే, ఇగ నేనే అబద్ధమైత" అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

తర్వాతెప్పుడో పనిమీద సూర్యాపేట వెళ్లాను. అక్కడి పెట్టె పక్కనే పెద్ద గోడ. ఆ వేసవికి ముందే కట్టారట. మధ్యాహ్నమంతా పెట్టె నీడలోనే ఉంది. తక్కువ చూపింది సూర్యాపేట, దాన్నే నేను దించుకున్నాను. నిజంగా పోయి చూసి ఉంటే కోదాడ యాదగిరన్న పక్షాన నిలిచేది కదా? అప్పుడైనా నోరు విప్పానా? లేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తిలాపాపం తలా పిడికెడు అని సరిపెట్టుకోవడానికీ లేదు. ఇది మొత్తం నాదే.

ఆయన ఇప్పుడు మిర్యాలగూడలో ఏదో రైస్ మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడట. నేను అటు బస్సెక్కను. తగ్గించిన ఆ లెక్క మాత్రం అలాగే ఉంది.

ఆయన అడిగినదానికి జవాబు నా దగ్గర అప్పుడూ ఒక్కటే ఉంది. ఇప్పుడు చెబుతున్నాను.

తెల్వదన్నా. నేను పోనేలే.