బెన్హర్ కారుకి ఎడం సీటు

ఆమదాలవలసలో రైలు దిగి బజారమ్మట వస్తే ఫ్లెక్సీలు కొట్టే కొట్టొకటి ఉంటాది. దానికి యజమాని బెన్హర్. యజమాని అనడం మన మంచితనం. కుర్చీ ఆడిది, సాకిరీ ఆల్లమ్మ జ్ఞానసుందరిది. పుట్టినరోజు ఫ్లెక్సీ కోసం వచ్చినోల్లు ఆ పుట్టినోడికి మీసాలొచ్చిందాకా కూకోవాల.

మరి బెన్హర్ అంత పనేటి సేస్తన్నాడంటే, కారు సేస్తన్నాడు. కంపూటర్లో. కొండలమ్మట, బురదలమ్మట ఎగిరిపడతా పందేలాడతాయి సూడు, ర్యాలీ కార్లు, ఆ రకం. డ్రైవరు పక్కన ఇంకో మనిషి కూకుని ముందర వచ్చే మలుపులు సదివి సెప్తా ఉంటాడు. ఆడి కారు ఈ లోకంలో ఏ కంపెనీ సెయ్యలేదు. కంపెనీని కూడా ఆడే పుట్టించి, కారుకి నాగావళి టర్బో అని పేరెట్టినాడు.

బోనెట్టు ఎత్తితే లోపల వైర్లన్నీ ఉంటాయి. మరలకి గాట్లుంటాయి. టైర్లకంటిన బురద అచ్చం మన బురదలాగ ఉండాలని సెల్లట్టుకుని నాగావళి ఇసకలో వంగి వంగి ఫొటోలు తీసినాడు. ఉంగరం పారేసుకున్నాడేమో అనుకుని ఊళ్ళో సగంమంది ఆడితోపాటు ఎతికినారు. ఇంతా సేసి, నిజం సైకిలు సైను ఊడిపోతే ఎక్కించడం రాదు ఆడికి. స్టీరింగు పట్టిన సెయ్యే కాదది.

ఇదిలాగుండగా జియో సిమ్ములొచ్చిన ఏడాది విజయనగరంలో సువార్త సభలకెల్లి, అక్కడ ప్రిస్కిల్లా అనే అమ్మాయిని సూసినాడు. కొత్తవలస పిల్ల, ఏదో బల్లో టీచరు. తండ్రి డేవిడ్‌రాజు రైలింజను నడిపి రిటైరైన మనిషి. అదిగో, ఆ పిల్లని తప్పితే ఇంకొకర్తెని సేసుకోనని మంచం పట్టేసినాడు బెన్హర్. సంబంధం అడిగించితే, డేవిడ్‌రాజు కుర్రాడికేటుందని అడిగినాడు. బెన్హర్ నోటితో ఏటీ సెప్పలేదు. ఇంటి ముందర నాగావళి టర్బో నిలబడినట్టు ఫొటో తయారుసేసి పంపినాడు. కారు నీడ గుమ్మం మీద పడతాది, దండెం మీద ఆల్లమ్మ కోక కారు తలుపులో మెరుస్తాది. కారు నాదని రాయలేదు, కాదనీ రాయలేదు. పెద్దాయన మెత్తబడిపోయి, ఆదివారం పిల్లని తీసుకుని వస్తామన్నాడు.

జ్ఞానసుందరి కూడా ఆ ఫొటో సూసింది. నాను సేసిన కారేనే అమ్మా అన్నాడు కొడుకు. పాపం ఆవిడికి తెలిసింది ఒకటే. కొడుకు కంపూటర్లో గీసింది మర్నాడు మిషన్లోంచి నిలువెత్తున బయటికొస్తాది. ఇన్నేళ్ళూ ఆ కొట్లో అలాగే వచ్చింది. కారూ అలాగే వస్తాదనుకుంది. గుడికెల్లి, సాక్ష్యాలు సెప్పేటప్పుడు లేచి నిలబడి, దేవుడు నా కొడుక్కి కారిచ్చినాడు, వచ్చే ఆదివారానికి వచ్చేస్తాదని ఏడుస్తా సెప్పేసింది.

ఆల్ల సంఘంలో కొత్త బండొస్తే పాస్టరు బోనెట్టు మీద సెయ్యేసి ప్రార్థన సెయ్యాల, మొదట ఆయన్నే ఎక్కించుకుని తిప్పాల. పాస్టరు ఎజ్రా అయ్యగారు ఆ ఆదివారమే కారు ప్రార్థనని అక్కడికక్కడే ప్రకటించేసినారు. బెన్హర్ ఆ గుడిలోనే ఉన్నాడు. లేచి ఒక్కమాట సెప్పొచ్చు. డేవిడ్‌రాజు సుట్టాలు ఎనక వరసలో ఉన్నారని, ప్రార్థనలో ఉన్నట్టు తల దించుకుని కూకున్నాడు. అంత భక్తి ఆడిలో అంతకుముందు ఎవులూ సూడలేదు.

ఆదివారం రానే వచ్చింది. సంఘం సంఘమంతా ఆడి గుమ్మంలో ఉంది. తెల్ల రిబ్బను, కత్తెర, కేకు. ఎజ్రా అయ్యగారు సికాకుళం దాకా తిరిగొద్దామని కోటేసుకుని వచ్చినారు. రైలు దిగి తండ్రీ కూతుర్లూ వచ్చినారు. అప్పుడు మన ఈరుడు కంపూటరు మోసుకొచ్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టినాడు.

"కారేదిరా?" అన్నారు అయ్యగారు.

"ఇదేనండి అయ్యగారూ."

అయ్యగారు అప్పటికే బైబులు తెరిసేసినారు, మరి మూసేస్తే బాగోదు. మోనిటరు మీద సెయ్యేసి, ఈ వాహనం రోడ్డెక్కినా ఎక్కకపోయినా కాపాడు ప్రభువా అని ప్రార్థన ముగించి, కోటు విప్పేసినారు. జ్ఞానసుందరి కొడుకు సెవిలో, ప్రింటు ఇంకా రానేదా నాయనా అని అడిగింది. డేవిడ్‌రాజు సెప్పులెక్కడ విడిసినానా అని సూసుకుంతన్నాడు.

ప్రిస్కిల్లా ఒకర్తే దగ్గిరకొచ్చి కూకుంది. సూపించండి అంది. బెన్హర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. బురద సూపించినాడు, మరలు సూపించినాడు, ఇంజను విప్పి మల్లా బిగించినాడు. ఆ పిల్ల ఊఁ కొడతా ఇంటంది. ఎడం కిటికీ మీద, పక్కన కూకునే మనిషి పేరు రాసే సోట, ప్రిస్కిల్లా అని ఉన్నాది. సూసి సిన్నగా నవ్వింది. ఆ నవ్వుకి ఆడు మనసులో పెల్లి ఫ్లెక్సీ కూడా గీసేసుకున్నాడు.

"ఈ తలుపు తియ్యండి," అంది.

తీసినాడు. కుడి పక్క డ్రైవరు సీటు, కుట్టు కుట్టుకీ దారం కనబడతంది. ఎడం పక్క ఏటీ లేదు. బోసి రేకు.

"నా పేరు రాసినారు గాని, నన్నెక్కడ కూకోబెడతారండి?"

"అంటే... అద్దం నలుపు కదండీ, బయటికి కనబడదు కదా అని..."

"ఫొటో సూసిన రోజే ఇది బొమ్మని పోల్చినాను. పిల్లలకి కంపూటరు సెప్పేది నానే. ఇంత ఓపికున్న మనిషి ఎలాగుంటాడో సూద్దామని వచ్చినాను." లేచి నిలబడింది. "ఆ ఓపిక మీ సీటు దాకేనండి."

తండ్రీ కూతుర్లూ టేసను దారి పట్టినారు. కేకు పిల్లలు తినేసినారు.

"ఒరే, రైలింకా రానేదు. ఎల్లి ఆ పిల్లతో మాటాడరా," అని జ్ఞానసుందరి భుజమట్టుకుని ఊపేసింది.

ఆడి సెయ్యి అప్పటికే మౌసు మీదుంది. "ఉండే అమ్మా. సీటొకటి సేసేసి ఎల్తాను," అన్నాడు.

రైలు కూసింది, ఎల్లిపోనాది. సీటు మాత్రం ఆడు అలాగ సేస్తానే ఉన్నాడు. ఎర్ర దారం కుట్టు, బెల్టు, బెల్టుకి బకిలీ. అది పూర్తయ్యేలోగా ప్రిస్కిల్లాకి పెల్లయిపోనాదని కబురొచ్చింది. ఇంకొకడైతే ఏడుస్తాడు, తాగుతాడు. ఈడు కిటికీ మీద పేరు సెరిపేసి, సెల్లట్టుకుని వరండాలోకొచ్చి, ఎవులూ కూకోని ప్లాస్టిక్ కుర్చీ మీద దుమ్ముకి దగ్గిరగా వంగి ఫొటో తీసినాడు. ఎడం సీటుకి ఆ దుమ్ము పట్టించాలంట.