టైగరు వెనక్కి తిరిగిన రోజు

నిన్న మా వీధి మలుపులో కొబ్బరికాయల లారీ ఒకటి గుర్రుమని గేరు మార్చింది. వెంటే పచ్చి కొబ్బరి డొక్కల వాసన. కాఫీ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని, "టైగరేదీ?" అని చుట్టూ వెతికాను. అది పోయి ఇరవయ్యేళ్ళు దాటింది, నా వెర్రి కాకపోతే! ఆ కుక్క గుర్తొచ్చిందంటే రూతమ్మ టీచరుగారు గుర్తురాకుండా ఉండరు.

తొంభైల్లో అంబాజీపేట దగ్గర ఒక బడిలో కొత్తగా చేరాను. రూతమ్మగారు మా హెడ్మిస్ట్రెస్, ఇల్లు కూడా మా పక్కదే. పొట్టి మనిషి, మెత్తని గొంతు. ఆవిడ కోప్పడగా విన్నవాళ్ళు లేరు. నాకేమో ముక్కుమీదే కోపం. బడిలో బెత్తం, ఇంట్లో నోరు. ఇంట్లో ఉన్నదల్లా నేనూ, ఒక వానాకాలం వచ్చి నా అరుగు కింద చేరిన టైగరూ. ఊరుకాని ఊళ్ళో ఒంటరిగా ఉన్న నాకు అది ప్రాణం. దానికేమో బండి కనబడితే పూనకం వచ్చేది. స్కూటరు, కారు, కాయల లారీ, ఏదైనా సరే చక్రం పక్కనే పరుగు. అప్పటికే ఒకసారి కారు తగిలి వెనక కాలు కుంటుతోంది. ఈసారి లారీ కింద పడితే ఇక నాకు దక్కదు.

ఒక సాయంత్రం అది కారు వెంట పడింది. నేను చెప్పు చేతపట్టుకుని, "ఒరేయ్ టైగరూ, ఇలా రా!" అని అరుచుకుంటూ దాని వెనక. చివరికి తోక ఊపుకుంటూ వచ్చింది. నాలుగు తగిలించాను. గోడవతల మందారాలకు నీళ్ళు పోస్తున్న రూతమ్మగారు చెంబు దించారు.

"ఎందుకు కొట్టేరండీ దాన్ని?"

"కారు వెంట పడింది కదండీ!"

"కారు సంగతి అది అప్పుడే మర్చిపోయిందండి. మీరు పిలిస్తే వచ్చింది, వస్తే కొట్టేరు. ఇంక మీరు పిలిస్తే ఎందుకొస్తుందండీ?"

ఒళ్ళు మండింది. నిజం కాబట్టి ఇంకా మండింది.

మర్నాడు ఆవిడే ఎండుకొబ్బరి ముక్కలు కొంగున కట్టుకుని వచ్చారు. "దాని పేరు తిట్టయిపోయిందండి. ఇంకో మాటతో పిలవాలి. మీరు కోపంలో ఎప్పుడూ అనని మాట ఏదండీ?"

నాకొక్కటీ తట్టలేదు. భలే సిగ్గేసింది. ఆవిడే కాస్త ఆలోచించి, "దయచేయండి" అన్నారు. చుట్టాలొస్తే గుమ్మంలో మనం అనే మాట! కుక్కతోనా అని పగలబడి నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "ఆ మాటని ఎవరైనా అరిచి అనగలరాండీ?" అన్నారు.

మెడకు తాడు కట్టి ముందు పెరట్లో, తర్వాత సైకిళ్ళు వెళ్తుంటే గేటు దగ్గర, ఆ తర్వాత రోడ్డు పక్కన నేర్పించాం. వచ్చిన ప్రతిసారీ ఒక కొబ్బరి ముక్క. "ఒక్కసారే అనాలండి. పదిసార్లు అంటే, తొమ్మిదిసార్లు వినక్కర్లేదని మనమే నేర్పినట్టు." మధ్యలో మా బాబాయిగారు చూడవచ్చారు. గుమ్మంలో నేను "దయచేయండి బాబాయిగారూ" అన్నానో లేదో, టైగరు ఆయన్ని తోసుకొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన పంచె దులుపుకుంటూ, "ఆయ్, ముందు వారి మర్యాద చూడమ్మా, నాకు తొందర్లేదు" అన్నారు.

రెండు నెలలయ్యాక ఒక ఆదివారం. రూతమ్మగారు చర్చి నుంచి వస్తూ మా గేటు దగ్గర ఆగారు. గేటు గడియ నేను సరిగ్గా వెయ్యలేదు. టైగరు మెడకు తాడు లేదు. లారీ మలుపు తిరగడం, అది దూసుకుపోవడం ఒక్కసారే జరిగాయి. నా కాళ్ళు దాని వెంట పరుగెత్తబోయాయి, దాని పేరు నోటిదాకా వచ్చేసింది. ఎలా మింగానో తెలియదు. "దయచేయండి" అన్నాను, ఏడుపుగొంతుతో, ఒక్కసారే. చక్రానికి బారెడు దూరంలో దాని చెవులు వెనక్కి తిరిగాయి. ఆగింది. లారీ వెళ్ళిపోయాక దుమ్ములోంచి కుంటుకుంటూ వచ్చి నా ముందు కూర్చుంది.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు నా చెయ్యి పైకి లేచింది. భయమంతా కోపమైపోయింది. టైగరు ఆ చెయ్యి చూసి కళ్ళు గట్టిగా మూసుకుంది, కానీ కదల్లేదు.

"వచ్చేసింది కదండీ" అన్నారు రూతమ్మగారు. అంతే.

ఆ మట్టిలోనే కూలబడి దాని మెడ పట్టుకుని ఏడ్చాను.

ఆ తర్వాత టైగరు బండ్ల జోలికి పోలేదని చెప్పను. పోబోయేది, పిలిస్తే వచ్చేది. ముసలిదై మా అరుగు మీదే కన్నుమూసింది. రూతమ్మగారూ ఇప్పుడు లేరు. బెత్తం నేనెప్పుడో వదిలేశాను గానీ, కోపం ఎక్కడికీ పోలేదు. అందుకే తప్పు చేసిన పిల్లలు తమంతట తాము నా బల్ల దగ్గరికి వస్తే, ముందు నా కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుంటాను. మొన్న ఏడో తరగతి అమ్మాయి ఒకతె పగిలిన గ్లోబు పట్టుకొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని నా ముందు నిలబడింది. "వచ్చావు కదమ్మా, కూర్చో" అన్నాను. కళ్ళు తెరవడానికి ఆ పిల్లకు చాలాసేపు పట్టింది.