ఓటో తిన్న చపాతీల ఫలం ఎవరిది?

ఆ రోజుల్లో నా దైవభక్తి పరీక్షల టైంటేబుల్‌ని బట్టి పెరిగేది, తరిగేది. జర్మనీలోని జీగెన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. (చదువుతున్నాను అని నేనంటున్నాను గానీ, మా ప్రొఫెసర్ ముందు ఆ మాట అనే ధైర్యం నాకు లేదు.) కంట్రోల్ సిస్టమ్స్ అనే పరీక్ష రెండుసార్లు తప్పాను. అక్కడ ఒక పరీక్షకు మూడే మూడు అవకాశాలు. మూడోసారీ తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు, పేరు పోతే వీసా పోతుంది, వీసా పోతే నేను సూట్‌కేసుతో కరీంనగర్ బస్టాండులో దిగి, ఎదురొచ్చిన ప్రతివాడికీ "సెలవులకు వచ్చిన" అని అబద్ధం చెప్పుకుంటూ బతకాలి. అలాంటి సమయంలో అమ్మ ఫోన్ చేసింది. "నీకు ఏలినాటి శని నడుస్తుందట బిడ్డా. పంతులు చెప్పిండు. ఏడు శనివారాలు నల్లకుక్కకు నూనె రాసిన చపాతి పెట్టాలె. పెట్టేటప్పుడు ఫోన్ల చూపియ్యి. ఉత్తగ పెట్టిన అంటే నేను నమ్మ." నా సంగతి నన్ను కన్నదానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

కరీంనగర్‌లో అయితే ఇదొక పనే కాదు. గుమ్మంలో నిలబడి చపాతీ ఊపితే నలుపూ తెలుపూ ఎరుపూ అన్నీ పరుగెత్తుకొస్తాయి. జీగెన్‌లో కుక్కలు లేవా అంటే, మనుషుల కంటే ఎక్కువే ఉన్నాయేమో. బస్సెక్కుతాయి, బేకరీ ముందు బుద్ధిగా కూర్చుంటాయి, సిగ్నల్ దగ్గర పచ్చదీపం కోసం ఆగుతాయి. అయితే ప్రతి కుక్కకూ ఒక తాడు, ఆ తాడు చివర ఒక మనిషి. చర్మం కింద చిప్పు, మునిసిపాలిటీకి పన్ను, పైగా ఇన్సూరెన్స్. కాగితాల విషయంలో అవన్నీ నాకంటే పక్కాగా ఉన్నాయి. వీధికుక్క అనే జీవి మాత్రం ఆ ఊళ్ళో మచ్చుకైనా లేదు.

మా హాస్టల్ వంటగదిలో నాతోపాటు ఒక మెక్సికో కుర్రాడు ఉండేవాడు. వాడికి నేను పెట్టుకున్న పేరు మెక్సికో మామ. నేను పీట మీద చపాతీ ఒత్తుతుంటే వచ్చి, అది మా తోర్తియా రొట్టెలాగే ఉందే, ఎవరికోసం అన్నాడు. కుక్క కోసం అన్నాను. వాడి కళ్ళు మెరిశాయి. వాళ్ళ ఊళ్ళో చర్చి మెట్ల మీద కుక్కలు పడుకుంటే పెళ్ళికూతురైనా చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందేనట. ఒకే కుక్కను మాంసం కొట్టువాడు ఒక పేరుతో, బడిపిల్లలు ఇంకో పేరుతో పిలుస్తారట, అది రెండింటికీ పలుకుతుందట. డాబాల మీద కాపలా కుక్కలు వేరే. పోయేవాళ్ళ నెత్తి మీద నుంచే మొరుగుతాయట. "ఇక్కడికొచ్చి ఏడాదయింది, ఒక్క కుక్క కూడా నన్ను దారిలో ఆపి వాసన చూడలేదు. నేను ఉన్నానో లేనో నాకే అనుమానంగా ఉంది" అన్నాడు ఇంగ్లీషులో, పాపం. ఆపైన తన అనుభవసారం చెప్పాడు: మెట్ల మీద కూర్చోవాలి, చేతిలో తిండి ఉండాలి, ఎటో చూస్తూ ఉండాలి, కుక్క దానంతటదే వస్తుంది.

శనివారం పొద్దున పాతబజారు మెట్ల మీద ఇద్దరం కూర్చుని ఎటో చూశాం. వర్షం వచ్చింది. (జీగెన్‌లో అది వార్త కాదు.) రెండు గంటల్లో మా దగ్గరికి వచ్చింది ఒకే ఒక్క మనిషి, మీకేమైనా సాయం కావాలా అని అడగడానికి. తర్వాత ఒక నల్లకుక్క కనిపించింది. యజమానిని అడిగితే దానికి గోధుమ పడదు, డాక్టరు వద్దన్నాడు అన్నాడు. ఇంకో కుక్కను ఎలాగో ఒప్పించి అమ్మకు ఫోన్‌లో చూపించాను. "దాని ఛాతి మీద తెల్లమచ్చ ఉన్నది గదరా, నాకు కండ్లు లేవనుకున్నవా? చెల్లది!" అంది అమ్మ. మూడోది ఓటో. కాటుక నలుపు, దూడంత కుక్క. నా చేతిలోని చపాతీని చూసి బంధువును చూసినట్టు దూకింది. తాడు చివర ఒక పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. మనసులో ఆమెను పెద్దమ్మ అనే పిలుచుకునేవాణ్ణి. "ఆగండి! ఇందులో ఉల్లిపాయ ఉందా? ఉప్పు?" అని అడిగింది. లేవన్నాను. మా మతాచారం, ఏడు శనివారాలు పెట్టాలి అని నా వచ్చీరాని జర్మన్‌లో చెప్పాను. ఆమె చిన్న డైరీ తీసింది. "పదిన్నరకు. పదీ ముప్పై రెండుకు మేమిక్కడ ఉండం." అపాయింట్‌మెంట్‌ను అక్కడ టెర్మిన్ అంటారు; ప్రొఫెసర్ దగ్గర దొరకని టెర్మిన్ కుక్క దగ్గర దొరికింది.

నాలుగు వారాలు చపాతీల పని బ్రహ్మాండంగా సాగింది. ఐదోవారం వీడియోలో అమ్మకు తాడు కనబడింది. "ఆ తాడు పట్టుకున్నామె ఎవర్రా?" "కుక్క ఆమెదే అమ్మా." అమ్మ ఫోన్ పెట్టేసి పంతులు దగ్గరికి పోయింది. సాయంత్రానికల్లా పంతులు తీర్పు వచ్చింది. "సాదుకున్న కుక్కకు పెడితె ఫలం సాదుకున్నోళ్ళకే పోతదట బిడ్డా! నువ్వు పెట్టినయన్ని ఆమెకే పాయె!" అప్పుడే నాకు ఒక్కొక్కటీ అర్థమవసాగింది. రెండో శనివారం తర్వాత పెద్దమ్మకు మోకాళ్ళ డాక్టరు టెర్మిన్ దొరికింది, ఎనిమిది నెలలుగా దొరకనిది. మూడో వారం, ఊరివాళ్ళకు అద్దెకిచ్చే తోట ముక్క, ఎన్నో ఏళ్ళుగా ఆమె వరుసలో ఉండి ఎదురుచూసినది, ఆమె పేరిట వచ్చింది. నాలుగోవారం, ఎప్పుడో పోయిన చెవి కమ్మ వాషింగ్ మెషీన్‌లో దొరికింది. ఆ నెలలోనే నా లాప్‌టాప్ చచ్చింది, వీసా టెర్మిన్ వాయిదా పడింది, గొడుగును బస్సు ఎత్తుకెళ్ళింది. నా చపాతీలు, నా నూనె, నా పొద్దుటి నిద్ర, అన్నీ కలిసి ఆమె తోటలో టమాటాలుగా కాస్తున్నాయన్నమాట! అసూయతో రెండు రోజులు పుస్తకం తెరవలేదు. (అంతకుముందు తెరిచానని కాదు.)

ఆరో శనివారం ఉండబట్టలేక ఆమెకు మొత్తం చెప్పేశాను. పరీక్ష, మూడో అవకాశం, శని, పంతులు, టమాటాలు. నవ్వుతుందనుకున్నాను. ఆమె ముఖం ముడుచుకుంది. "నేనివన్నీ నమ్మను. అయితే మీకు చెందాల్సింది నాకు వస్తుంటే అది సరైన పద్ధతి కాదు. ముందే ఎందుకు చెప్పలేదు?" అని నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళి, బల్ల ముందు కూర్చుని కాగితం మీద చక్కటి దస్తూరీతో రాసింది: ఓటో యజమానురాలినైన నేను, శనివారపు చపాతీల వల్ల కలిగే సమస్త ఫలాన్నీ, నా వంతు అదృష్టంతో సహా, ఈ యువకుడికి పరీక్షాఫలితం వచ్చేవరకు వదులుకుంటున్నాను. ఒక్కక్షణం ఆగి కింద ఇంకో వాక్యం చేర్చింది: తోట మాత్రం నాదే. సంతకం చేసింది. ఓటో పాదానికి సిరా పూసి సాక్షి ముద్ర వేయించింది. ఫోటో పంపితే అమ్మ పంతులుకు చూపించింది. "స్టాంపు లేదా అంటుండు బిడ్డా" అంది. పెద్దమ్మ ఏమాత్రం విసుక్కోకుండా, పోయిన భర్త నడిపిన పావురాల సంఘం ముద్ర వెతికి తెచ్చి ఠపీమని కొట్టింది. పంతులు ఒప్పుకున్నాడు.

ఏడో శనివారం అయింది, పరీక్ష అయింది, నెలకు ఫలితం వచ్చింది. నాలుగు పాయింట్ సున్నా. అక్కడ ఒకటి అన్నిటికంటే పై మార్కు, నాలుగు ఆఖరి పాస్ మార్కు. ఇంకొక్క వెంట్రుక కిందికి జరిగినా ఫెయిలే. మెక్సికో మామ నన్ను ఎత్తుకుని వంటగదంతా తిప్పాడు. అమ్మ ఏడ్చింది. నేను పెద్దమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నా ఫోన్‌లో మార్కు చూసి, కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. "నాలుగా? నా అదృష్టం మొత్తం ఇస్తే నాలుగేనా?" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వు ఆగాక ఆమె, "అయితే గడువు తీరింది కదా? మంచిది. ఇన్నాళ్ళూ రెండు చేతులతో కమ్మీ పట్టుకునే మెట్లు దిగాను. నా దగ్గర ఏమీ మిగల్లేదు, పడితే ఎలా అని" అంది, కాస్త సిగ్గుపడుతూ. నమ్మనని చెప్పిన మనిషి!

ఓటోను తిప్పే వేళయింది. ఆమె తాడు అందుకుని, ఒక చేయి గాలిలో ఊపుకుంటూ మెట్లు దిగసాగింది. వెనక నేను, మెట్టు మెట్టుకూ రెండు చేతులూ ముందుకు చాపి, పడితే పట్టుకుందామని దిగాను. ఆమె వెనక్కి తిరిగి చూసి, ఏం చేస్తున్నారని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆమె మీద వారం రోజులు అసూయతో ఏడ్చిన ఆ ఇరవై నాలుగేళ్ళ వెధవ, దొంగలా చేతులు చాపుకుని మూడంతస్తులూ దిగడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. వాడు అన్నేళ్ళలో చేసిన పనుల్లో నాకు నచ్చినది అదొక్కటే.